అడిగిన దేశం, అడగని దేశం

మా గుణదలలో రాష్ట్ర విభజన ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు స్కాట్లండును సాక్ష్యానికి పిలుస్తారు. "అక్కడ జనాన్ని అడిగారండీ. ఓట్లు పెట్టారు, లెక్కపెట్టారు, వద్దన్నారు గనుక ఆగారు. ఇక్కడ తలుపులు మూసి, టీవీలు ఆపి, రాష్ట్రాన్ని రెండు ముక్కలు చేశారు." ఈ మాట ఏలూరు కాలువ గట్టున టీ కొట్టు దగ్గర విన్నాను, పెళ్ళి భోజనాల దగ్గర విన్నాను. ఒకప్పుడు నేనే ఎంతో ఆవేశంగా అన్నాను. ఈ మాట తప్పని, కనీసం సగం తప్పని, ఇవాళ వాదించదలచుకున్నాను. అందుకు నాకు కొంత అర్హత ఉంది. స్కాట్లండు అడిగినవారిలో నేనూ ఒకణ్ణి.

2014లో నేను గ్లాస్గోలో ఉద్యోగం చేస్తూ ఉండేవాణ్ణి. నాది భారతీయ పాస్‌పోర్టు. ఒకనాడు నా పేరిట పోస్టులో ఓటరు కార్డు వచ్చింది. పొరపాటున వచ్చిందనుకున్నాను. పొరపాటు కాదు. స్కాట్లండులో నివాసముంటూ, అక్కడ ఉండడానికి అనుమతి ఉన్న కామన్వెల్తు పౌరులందరికీ ఆ ప్రజాభిప్రాయ సేకరణలో ఓటుంది. ఎడింబరోలో పుట్టి, స్వాతంత్ర్యం కోసం జీవితమంతా మాట్లాడిన షాన్ కానరీకి మాత్రం లేదు. జేమ్స్ బాండ్ గారు బహామాస్‌లో కాపురముంటున్నారు మరి. గ్లాస్గోలో పుట్టిన టెన్నిసు వీరుడు ఆండీ మరీ ఇంగ్లండులో ఉంటున్నందున అతనికీ లేదు. గుణదల కొండ కింద పుట్టిన నాకు ఉంది! మూడువందల ఏళ్ళ నాటి ఒక రాజ్యబంధం ఉండాలో తెగాలో చెప్పమని నన్ను అడిగారు.

అదే ఏడాది ఫిబ్రవరిలో నా సొంత రాష్ట్రం గురించి నన్నెవరూ అడగలేదు. శాసనసభను అభిప్రాయం అడిగారు. జనవరి 30న అది బిల్లును తిరస్కరించింది. రాజ్యాంగం మూడవ అధికరణం ప్రకారం ఆ తిరస్కారానికి విలువ లేదు. పార్లమెంటు వినవచ్చు, వినకపోవచ్చు. మేరీమాత ఉత్సవాలు ముగిసిన రెండో నాడు, ఫిబ్రవరి 13న, మా విజయవాడ సభ్యుడు లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టారు. 18న ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయి ఉండగా మూజువాణి ఓటుతో బిల్లు నెగ్గింది. గ్లాస్గోలో కంప్యూటరు ముందు కూర్చుని నేను ఏడ్చాను. ఈ సంగతి ఒప్పుకోవడానికి సిగ్గుపడను.

సెప్టెంబరు 18న మా వీధి చివరి బడికి వెళ్ళి, తాడుతో కట్టిన పెన్సిలుతో కాగితం మీద గుర్తు పెట్టి వచ్చాను. సాయంత్రం నాన్నగారికి ఫోను చేశాను.

"కలిసుండమనే వేశావు గదా?" అన్నారు ఆయన.

"లేదు నాన్నగారూ. విడిపొమ్మని వేశాను."

ఫోను పెట్టేశారు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

ఎందుకలా వేశానంటే కారణాలున్నాయి. అంతకు ముందరి ఎన్నికలలో, 2010లో, స్కాట్లండులోని 59 స్థానాలలో కన్సర్వేటివులు గెలిచింది ఒక్కటి. అయినా వారి నాయకుడే ప్రధానమంత్రి. 650 మంది సభలో 59 మంది ఏమనుకుంటే ఏమి? గ్లాస్గోకు ముప్ఫై మైళ్ళలోపు, ఫాస్లేన్ రేవులో, బ్రిటనుకున్న అణ్వాయుధ జలాంతర్గాములన్నీ ఉంటాయి. స్కాట్లండు పార్లమెంటుకు వాటిని పొమ్మనే అధికారం లేదు. ఇవన్నీ నాకు న్యాయమైన ఫిర్యాదులుగా తోచాయి. తోచిన తరువాత ఒక ప్రశ్న వెంటాడింది. 294 మంది శాసనసభలో 119 మంది తెలంగాణవారు ఇదే మాట చెబుతున్నప్పుడు నాకు ఎందుకు న్యాయంగా తోచలేదు? 59 సంఖ్య అర్థమైనవాడికి 119 ఎందుకు అర్థం కాలేదు?

ఇక అసలు వాదానికి వస్తాను. స్కాట్లండులో అడిగారు, సరే. ఎవరిని అడిగారు? స్కాట్లండులో ఉన్నవారిని. ఇంగ్లండును అడగలేదు. ఐదున్నర కోట్ల ఇంగ్లండు జనంలో ఒక్కరికి కూడా, ఇంగ్లండువారుగా, ఆ ఓటు లేదు. విడిపోతే వారి దేశమూ చిన్నదవుతుంది, వారి జెండా మారుతుంది. అయినా అడగలేదు. విడిపోదలచినవాడిని అడగాలిగాని, విడిచిపెట్టవలసినవాడిని అడిగితే సమాధానం ముందే తెలిసిపోతుంది. ఆ లెక్కన 2014లో స్కాట్లండు పద్ధతి మన దగ్గర అమలు జరిపి ఉంటే ఓటు పడేది వరంగల్లులో, నల్లగొండలో, హైదరాబాదులో. గుణదలలో పోలింగు కేంద్రమే ఉండేది కాదు. మిత్రులారా, ఆ కథలో మనం స్కాట్లండు కాదు. మనం ఇంగ్లండు.

ఈ మాట మింగుడుపడదని తెలుసు. నాకూ పడలేదు. అయినా చరిత్ర పుటలు ఇంకొంచెం వెనక్కి తిప్పుదాం. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం, హైదరాబాదు రాష్ట్రాన్ని 1961 ప్రాంతపు ఎన్నికలదాకా విడిగా ఉంచమని, ఆపైన దాని శాసనసభలో మూడింట రెండు వంతులు కోరితేనే ఆంధ్రతో కలపమని చెప్పింది. అడగవలసిన పద్ధతిని రాసి మరీ చేతికిచ్చింది. మనం ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం అయింది, ఆ నవంబరులో రాష్ట్రం అయింది. సరిగ్గా 58 ఏళ్ళ తరువాత అదే ఫిబ్రవరి 20న రాజ్యసభ విభజన బిల్లును ఆమోదించింది. కలిపినప్పుడు వారు కోరిన తీరున వారిని అడగలేదు, విడదీసినప్పుడు మనం కోరిన తీరున మనను అడగలేదు.

పైగా 1972 సంగతి మనం చెప్పుకోము. సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్న తరువాత "జై ఆంధ్ర" అని రోడ్డెక్కినది ఈ బెజవాడే. అప్పుడు విడిపోతామన్నది మనమే. మా నాన్నగారు అప్పుడు కాలేజీ విద్యార్థి, పరీక్షలు పోగొట్టుకున్నవాడు. "మీరూ అప్పుడు విడిపోదామనేగా అన్నారు?" అని ఐదో నాడు అడిగాను. చాలాసేపు ఊరుకుని, "మేమూ వాళ్ళనేమీ అడగలేదురా అబ్బాయ్" అన్నారు.

అయితే తెలంగాణ మిత్రులు ఇక్కడితో చదవడం ఆపి చప్పట్లు కొట్టవద్దని మనవి. స్కాట్లండు వారికీ ఒక ప్రశ్న వేస్తుంది. స్కాట్లండువాడెవడు? అక్కడ ఉన్నవాడు. తాత ఎక్కడ పుట్టాడు, ఇంటిపేరేమిటి, యాస ఏమిటి అన్నది లెక్కలోకి రాలేదు. నా ఇంగ్లీషు విని గ్లాస్గోవారు నవ్వేవారు. వారి ఇంగ్లీషు నాకు సగమే అర్థమయ్యేది. అయినా ఆ రోజున నేను వారిలో ఒకణ్ణి. మన దగ్గరో? ముల్కీ అనిపించుకోవడానికి నిజాము నాటి నిబంధన 15 ఏళ్ళ నివాసం అడిగేది. అది పోయినా ఆ చూపు పోలేదు. ముప్ఫై ఏళ్ళుగా కూకట్‌పల్లిలో ఉండి, అక్కడే పిల్లల్ని కని, అక్కడే తల్లిదండ్రులను దహనం చేసినవాడు ఇంకా "సెటిలరే". ఇది వారి జబ్బు మాత్రమే కాదు. శ్రీకాకుళం నుంచి వచ్చి బెజవాడలో మేడలు కడుతున్న కూలీ మనకు ఎన్నేళ్ళకు బెజవాడవాడవుతాడు? ఎక్కడ పుట్టావన్నదే తప్ప ఎక్కడ బతుకుతున్నావన్నది అడగని మనం, స్కాట్లండు పేరెత్తడం సాహసమే.

మరి మనకు జరిగిన అన్యాయం ఏదీ లేదా? ఉంది. ఓటు లేకపోవడం కాదు, మాట లేకపోవడం. అక్కడ 2012 అక్టోబరు 15న లండను ప్రభుత్వమూ ఎడింబరో ప్రభుత్వమూ ఒప్పందం రాసుకున్నాయి. దాదాపు రెండేళ్ళ వ్యవధి. "స్కాట్లండు స్వతంత్ర దేశం కావాలని ఒప్పుకుంటారా?" అన్న తొలి ప్రశ్నలో 'ఒప్పుకుంటారా' అనే మాట జవాబును ఒకవైపు నెడుతుందని ఎన్నికల సంఘం అభ్యంతరం చెబితే ప్రశ్నే మార్చారు. స్వాతంత్ర్యం వస్తే ఏం చేస్తామో చెబుతూ స్కాట్లండు ప్రభుత్వం సుమారు 670 పుటల పత్రం అచ్చువేసింది. లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టిన అదే ఫిబ్రవరి 13న బ్రిటన్ ఆర్థికమంత్రి ఎడింబరోలో నిలబడి, విడిపోతే మా పౌండు మీకు ఉండదని మొహం మీద చెప్పాడు. కటువైన మాటే. కాని ఓటుకు ఏడు నెలల ముందు చెప్పాడు. జనం దానిమీద తిట్టుకున్నారు, ఆలోచించుకున్నారు. చివరికి ఓటర్లలో 84.6 శాతం వచ్చి ఓట్లు వేశారు. 55 శాతం వద్దన్నారు.

మనకు శ్రీకృష్ణ కమిటీ ఆరు మార్గాలు చెప్పిన నివేదిక 2010 డిసెంబరులోనే చేతికొచ్చింది. దాన్నెవరు చదివారు? నీళ్ళెలా పంచుకుందాం, అప్పులెలా పంచుకుందాం, హైదరాబాదు ఆదాయం మాటేమిటి అన్న మాటలు వీధిలోకి రాలేదు. మన నాయకులు విభజన జరగదుగాక జరగదన్నారు. జరగదన్నదానికి షరతులు ఎవరడుగుతారు? అక్కడ ఓటుకు రెండు రోజుల ముందు ముగ్గురు నాయకులు పత్రికాముఖంగా ఇచ్చిన వాగ్దానం 2016లో చట్టమైంది, అది చాలదనేవారున్నా సరే. ఇక్కడ రాజ్యసభలో ప్రధానమంత్రి నోటిమాటగా ఇచ్చిన ప్రత్యేక హోదా విభజన చట్టంలోకి ఎక్కనేలేదు. మనం బిల్లును ఆపడానికి పెట్టిన శక్తిలో పదోవంతు ఆ ఒక్క వాక్యాన్ని బిల్లులో రాయించడానికి పెట్టి ఉంటే?

స్కాట్లండును స్వర్గం చేయడం నా ఉద్దేశం కాదు. లండను ఒప్పుకున్నది గెలుస్తామన్న ధీమాతో. మరోమారు అడుగుతామంటే ఒప్పుకోలేదు. లండను అనుమతి లేకుండా అడిగే అధికారం స్కాట్లండుకు లేదని 2022 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. అడగడం అక్కడ కూడా హక్కు కాదు, పెద్దవాడి దయ. అయినా ఒక్కసారైనా అడిగారు.

చివరిగా మనలోకి మనం చూసుకోవలసిన సంగతి. స్కాట్లండు ఓటుకు సరిగ్గా రెండు వారాల ముందు, 2014 సెప్టెంబరు 4న, కొత్త రాజధాని విజయవాడ పరిసరాలలో అని శాసనసభలో ప్రకటించారు. గుణదలలో మిఠాయిలు పంచారు. గజం ధర పెరిగిందని మా బంధువులు ఫోను చేశారు. 1937 నవంబరు 16న శ్రీబాగ్‌లో కోస్తా పెద్దలు రాయలసీమ పెద్దలకు మాట ఇచ్చారు. రాజధానో హైకోర్టో, ఏది కావాలో కోరుకునే హక్కు మీదే అన్నారు. ఆ రోజు మనలో ఎవరైనా, "సీమవాళ్ళని అడిగారా?" అన్నామా? నేను అనలేదు. ఈరోజు రాజధానీ హైకోర్టూ రెండూ ఇటే ఉన్నాయి.

కాబట్టి ఈసారి టీ కొట్టు దగ్గర ఎవరైనా స్కాట్లండు పేరెత్తితే నేను ఒకటే అడుగుతాను: కర్నూలువాణ్ణి మీరు అడిగారా? ఆ తరువాత ఢిల్లీ మనను అడగలేదన్న సంగతి తీరిగ్గా మాట్లాడుకుందాం. టీ డబ్బులు నేనిస్తాను.