వేడివేడిగా... ఎవరికి?

పార్టీ ఇచ్చిన ఇంట్లో అందరికన్నా ఆఖర్న, చల్లారిపోయినదాన్ని, వంటింటి గట్టు పక్కన నిలబడి తినేది ఎవరో మీకు తెలుసు. నాకూ తెలుసు. ఇంటావిడ! తెలియనిదల్లా హాల్లో సోఫాల మీద కూర్చుని, "బజ్జీలు బ్రహ్మాండం! ఇంకో వాయి రానివ్వండి!" అని కేకవేసే వాళ్ళకే.

కొన్నాళ్ళుగా మన పార్టీల్లోకి ఒక పరాయి వంటకం వచ్చి చేరింది. మొక్కజొన్న గింజలు, చీజ్, పచ్చిమిరపకాయలు కలిపి ఓవెన్‌లో పెట్టి, పైన ఎర్రగా వేగి అంచుల్లో బుడగలు వచ్చేదాకా ఉంచి, గిన్నెతో సహా తెచ్చి బల్లమీద పెడతారు. పక్కన ఒక పళ్ళెంలో మొక్కజొన్న చిప్స్. కావలసిన వాళ్ళు కావలసినంత ముంచుకు తింటారు. మెక్సికన్ కార్న్ డిప్ అని దాని పేరు. అమెరికాలో ఉన్న మనవాళ్ళ శనివారం విందుల్లో ఇది మామూలైపోయింది. హైదరాబాదులో కూడా కనిపిస్తోంది.

నేను దీని తరఫున వాదించదలుచుకున్నాను. ఒక గిన్నెడు చీజ్ కోసం వాదనేమిటని నవ్వకండి. నా వాదన గిన్నె కోసం కాదు, కుర్చీ కోసం. పార్టీలో ఇంటావిడకి దక్కవలసిన కుర్చీ కోసం.

ఈ డిప్ మీద నేను విన్న నేరారోపణలు మూడు.

మొదటిది: "అదీ ఒక వంటేనా? కష్టమేముంది అందులో?" ఈ మాట మగవాళ్ళంటే నేను ఆశ్చర్యపోను. మన ఆడవాళ్ళే అంటున్నారు! ఒక పెద్దావిడ (చుట్టరికం చెప్పను, ఆవిడ ఈ పత్రిక చదువుతారు), ఆ గిన్నె బల్లమీద పెట్టి మాతోపాటు కూర్చున్న కోడలితో, "అప్పుడే అయిపోయిందిటమ్మా? మా రోజుల్లో ఇంటికి నలుగురొస్తే పొయ్యి దగ్గర్నించి కదిలే వాళ్ళమే కాదు" అన్నారు. ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుని లేచి లోపలికి వెళ్ళిపోయింది. లోపల చెయ్యవలసిన పనేం లేదు. కడిగిన గ్లాసులే మళ్ళీ కడుగుతూ నిలబడింది! కూర్చోవటమే నేరమనిపించేటట్టు చేశాం ఆ పిల్లకి.

ఆడదాని ఆదరణని చెమటతో కొలవటం మనకి ఎవరు నేర్పారండీ? బజ్జీల మీద నాకు పగ లేదు. వాటి స్వభావమే చెబుతున్నాను. వేసిన అయిదు నిమిషాల్లో తినకపోతే మెత్తబడిపోతాయి. అంచేత అతిథులు తింటున్నంతసేపూ ఎవరో ఒకరు మూకుడు ముందు నిలబడి తీరాలి. ఆ 'ఎవరో ఒకరు' ఎప్పుడూ ఒక్కరే! గారెలదీ అదే కథ, దోసెలదీ అదే కథ. 'వేడివేడిగా' అన్న మాట తినేవాళ్ళకి ముద్దుగానే ఉంటుంది. ఆ వేడి తగిలేది ఎవరి మొహానికి?

కార్న్ డిప్ కూడా వేడిగా తినవలసినదే. కాని దాని వేడిని ఓవెన్ చూసుకుంటుంది, ఇంటావిడ మొహం కాదు. ముందురోజు రాత్రే అన్నీ కలిపి గిన్నెలో సర్ది ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. అతిథులు చెప్పులు విప్పుతున్నప్పుడు ఓవెన్‌లో పెడితే, మంచినీళ్ళు తాగి క్షేమసమాచారాలు ముగించేసరికి బల్లమీద ఉంటుంది. ఇందులో నేరమేమిటి?

రెండో ఆరోపణ చదువుకున్న వాళ్ళది. "అది అసలు మెక్సికో వంటే కాదండీ, అమెరికా వాళ్ళ కల్తీ!" అంటారు, రెండు దేశాలూ తిరిగొచ్చిన దర్జాతో. నిజమే. మెక్సికో వీధుల్లో అమ్మేది వేరు. పొత్తుకి పుల్ల గుచ్చి, మయొనైజ్ రాసి, చీజ్ పొడి చల్లి, కారం జల్లి, నిమ్మకాయ పిండి ఇస్తారు. దాన్ని ఎలోతె అంటారు. గింజలు ఒలిచి, ఎపజోతె అనే వాసనాకు వేసి ఉడికించి, అవే హంగులతో కప్పులో పోసి చెంచా వేసి ఇస్తే ఎస్కీతెస్. మన రోడ్లమీద బొగ్గుల కుంపటి ముందు కూర్చుని పొత్తులు కాల్చి, నిమ్మచెక్కని ఉప్పూకారంలో అద్ది రుద్ది ఇచ్చే ఆవిడని ఒక్కసారి తలుచుకోండి. ఆవిడకి ఎలోతె అమ్మే మనిషి స్వయానా చుట్టం అనిపించటం లేదూ? ఆ రుచిని ఓవెన్ గిన్నెలోకి దించి, చీజ్ దండిగా పోసి పార్టీ వంటకం చేసింది అమెరికా వంటిళ్ళు. 'మెక్సికో తరహా' అనండి, సరిపోతుంది. పేరు దిద్దుకుంటే పోయేదానికి వంటకాన్నే వెలివెయ్యటం ఎందుకు?

ఇంతకీ ఈ 'అసలు' అనేదాని ఖరీదు ఎప్పుడన్నా విచారించారా? మొక్కజొన్నని సుమారు 9,000 ఏళ్ళ క్రితం ఒక గడ్డిమొక్క నుంచి పంటగా మలిచింది మెక్సికో ప్రజలు. గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి నానబెట్టటం కూడా వాళ్ళ తెలివే. అలా చేస్తేనే అందులో ఉన్న నయాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. ఐరోపా వాళ్ళు గింజని పట్టుకుపోయారు గాని ఈ కిటుకుని వదిలేశారు. మొక్కజొన్నే ముఖ్యాహారమైన చోట పేదవాళ్ళు పెలాగ్రా జబ్బుతో తీసుకున్నారు. అంత గొప్ప తెలివి అది. కాదన్నదెవరు?

కాని ఆ నానిన గింజల్ని మెతాతె అనే రాతిమీద, మోకాళ్ళమీద కూర్చుని, రోజూ గంటలకొద్దీ నూరింది ఎవరు? ఆడవాళ్ళు. తెల్లవారకముందే లేచి నూరితేగాని ఇంట్లో రొట్టె లేదు. పిండి మరలు వచ్చాక ఏమైందో తెలుసా? 1920ల్లో తెపోస్త్లాన్ అనే ఊళ్ళో మర పెడితే మగవాళ్ళు అడ్డం తిరిగారు. మరలో ఆడించిన పిండికి రాతిమీద నూరిన రుచి రాదట! పైగా తీరిక దొరికితే ఆడవాళ్ళు చెడిపోతారని భయం. ఈ మాట మీరెక్కడో విన్నట్టు లేదూ? "గ్రైండర్ పిండికి రుబ్బురోలు రుచి రాదే!" అని మనవాళ్ళు అన్నప్పుడు, రోలు ముందు కూర్చున్నది వాళ్ళు కాదు కదా!

ఆ ఊళ్ళో చివరికి నెగ్గింది ఆడవాళ్ళే. మర నిలిచింది. సున్నపు నీళ్ళ తెలివి ఎక్కడికీ పోలేదు, మరకి పట్టుకెళ్ళే ముందు గింజల్ని అలాగే ఉడికించారు. పోయింది నడుం నొప్పి ఒక్కటే. నేను చెప్పేది కూడా అంతే. తెలివిని గౌరవిద్దాం, బానిసత్వానికి దండం పెట్టటం మానేద్దాం.

పోతే, ఇలాంటి డిప్‌లలో ముంచుకునే చిప్స్‌తోనే నాచోస్ చేస్తారు. వాటి కథ కూడా వినండి. 1940ల్లో, అమెరికా సరిహద్దుకి ఆనుకున్న పియెద్రాస్ నెగ్రాస్ అనే మెక్సికో ఊళ్ళో, ఒక హోటల్‌కి నది అవతల్నించి కొందరు ఆడవాళ్ళు కలిసి వచ్చారట. వంటవాడు సమయానికి లేడు. అక్కడ పనిచేసే ఇగ్నాసియో అనాయా అనే ఆయన, చేతికి దొరికిన మొక్కజొన్న రొట్టెముక్కలు వేయించి, చీజ్ పరిచి కరిగించి, పైన ఊరమిరపకాయ ముక్కలు పెట్టి పంపాడు. ఇగ్నాసియోకి ముద్దుపేరు నాచో. అదే వంటకం పేరయింది. అంటే చూడండి, ఆడవాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ ఉంటే, మగవాడు లోపలికి వెళ్ళి, ఉన్నవాటితో పది నిమిషాల్లో చేసి తెచ్చిపెట్టింది! దాన్ని ఎవరూ "కష్టమేముంది?" అనలేదు. ఆయన పేరు పెట్టి లోకమంతా తింటోంది.

మూడో ఆరోపణ ఎంగిలి. ఇది మాత్రం న్యాయమైనదే. కొరికిన చిప్‌ని మళ్ళీ గిన్నెలో ముంచేవాళ్ళని చూస్తే నాకూ ఒళ్ళు మండుతుంది. కాని దీనికి మందు ఎస్కీతెస్ అమ్మేవాళ్ళ దగ్గరే ఉంది. కప్పూ, చెంచా! పెద్దగిన్నెలో గరిటె వెయ్యండి. పక్కన చిన్న కప్పులు పేర్చండి. ఎవరి కప్పులో వాళ్ళు వడ్డించుకుని, ఎంగిలి చేసుకుంటారో ఏం చేసుకుంటారో, వాళ్ళిష్టం.

ఇక చేసే తీరు చెబుతాను. పదిమందికి నాలుగు కప్పుల లేత గింజలు కావాలి. అయిదారు పొత్తులు వలిస్తే వస్తాయి. ఇనప మూకుట్లో రెండు చెంచాల వెన్న వేసి గింజల్ని పెద్దమంట మీద వేయించండి. ఊరికే కలపకండి, అక్కడక్కడ మచ్చలు పడాలి. కుంపటిమీద కాల్చిన పొత్తు వాసన అప్పుడే వస్తుంది. ఒక ఉల్లిపాయ, మూడు పచ్చిమిరపకాయలు, ఒక బెంగుళూరు మిరపకాయ సన్నగా తరిగి వేసి, అరచెంచా జీలకర్రపొడి, కాస్త కారం జల్లి దించండి. చల్లారాక అరకప్పు గట్టిపెరుగు కలపాలి. గుడ్డలో మూటకట్టి నీరు దించిన పెరుగు సుమా! 200 గ్రాముల చీజ్ తురుములో ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపి అందులో వెయ్యండి. ఈ పిండి మర్చిపోకూడదు. చీజ్ మితిమీరి వేడెక్కితే కొవ్వు విడిపోయి నూనె తేలుతుంది, మిగిలింది రబ్బరులా సాగుతుంది. పిండి దాన్ని పట్టి ఉంచుతుంది. సగం ప్రాసెస్డ్ చీజ్ వేసుకుంటే మరీ నున్నగా వస్తుంది. గిన్నెలో సర్ది, 180 డిగ్రీల వేడిలో 20 నిమిషాలు. ఫ్రిజ్‌లోంచి తీసింది అయితే అరగంట. నిమ్మరసం, కొత్తిమీర దించాకే వెయ్యాలి. ఓవెన్ లేకపోతే దళసరి గిన్నెలో, మూతపెట్టి, సన్నసెగ మీద కరిగించి, ఆ గిన్నెని వేడినీళ్ళున్న పళ్ళెంలో పెట్టండి, చాలాసేపు వేడిగా ఉంటుంది. చిప్స్ లేకపోతే చెక్కలూ, వేయించిన అప్పడాలూ, కీరా ముక్కలూ నిక్షేపంలా ఉంటాయి. ఉప్పు చూసి వెయ్యండి, చీజ్‌లోనే బోలెడుంటుంది. ఇది రోజూ తినే తిండి కాదని వేరే చెప్పక్కర్లేదు.

అయితే నాకు అసలు భయం ఈ మూడు ఆరోపణల గురించి కాదు. మన గురించే! డిప్‌తో గంట మిగిలింది కదా అని, "మరీ ఇదొక్కటే పెడితే ఏం బాగుంటుంది?" అనుకుని, పక్కన పునుగులూ, కట్‌లెట్లూ, రెండు రకాల తీపీ మొదలుపెడతాం. గ్రైండర్ వచ్చి మిగిల్చిన కాలాన్ని నాలుగు రకాల పచ్చళ్ళకి ధారపోసిన వాళ్ళం మనమే కదూ! సులువైన వంట ఎవరినీ విడుదల చెయ్యదు. మిగిలిన గంటని మనం గట్టిగా పట్టుకోవాలి. కుర్చీ లాక్కుని కూర్చోవాలి. ఎవరన్నా "అప్పుడే అయిపోయిందా?" అంటే, "అయిపోయిందండీ, అందుకేగా మీతో కూర్చున్నాను!" అనాలి.

ఇంకొక్క మాట. అంచులకి కాలి అతుక్కున్న చీజ్ మహా మొండిది. వేడినీళ్ళు పోసి రాత్రంతా నానబెడితేగాని వదలదు. పొద్దున్న ఆ గిన్నె ఎవరు తోమాలన్నది పార్టీకి ముందే తేల్చుకోండి. నన్నడిగితే, "ఇంకో వాయి!" అని కేకవేసే అలవాటున్న వాళ్ళ చేతులు ఖాళీగానే ఉన్నాయి.