నైలాన్‌కు అతుకు లేదు

మేఘాలయలోని సున్నపురాతి గుహలలో తాళ్ళపై దిగి, తాళ్ళపైనే పైకి వచ్చే అన్వేషకుల సామగ్రిని గూర్చి ఈమారు ముచ్చటిద్దాం. బురదలోని ఇసుకరేణువులే దానికి ప్రధాన శత్రువులు. తాడు జారిన ప్రతిసారీ అవి ఆకురాయివలె ఒరిసి, డిసెండర్‌లోని అల్యూమినియం బాబిన్లలో గాడి కోస్తాయి. అనేక నమూనాలలో అరిగిన బాబిన్‌ను మార్చుకోవచ్చు. అసెండర్ పళ్ళు మొద్దుబారితే మాత్రం వాటికి పదును పెట్టబూనడాన్ని మేము సమ్మతించము. ఆ పరికరాన్నే మార్చాలి.

నైలాన్ తాడు సంగతి వేరు. పైతొడుగు చెక్కుచెదరకున్నా లోపలి పోగులు తెగి ఉండవచ్చు. కనుక తాడును జానెడు జానెడుగా వేళ్ళమధ్య వంచి చూడాలి. మెత్తబడిన, ఉబ్బిన, సన్నబడిన చోటు తగిలితే అక్కడ కోసివేయవలసిందే. నడుముపట్టీ కుట్లు ఊడితే చెప్పులు కుట్టేవారి వద్దకు పంపరాదు. దానిని పారవేయడమే పొదుపు!

అన్నిటికంటె ప్రమాదకరమైనది బ్యాటరీ ఆమ్లం. దాని ఆవిరి సోకినా నైలాన్ బలం క్షీణిస్తుంది, కంటికి జాడైనా కనబడకపోవచ్చు. బ్యాటరీ గదిలో భద్రతా బెల్టులు తగిలించే మన సోదరులు దీనిని గమనించగోరుతాము. ఇక బురద తాడును చన్నీళ్ళతో కడిగి, ఎండ తగలకుండా నీడన ఆరబెట్టాలి.