చేలోకొచ్చే తుపాకీకి ముందు గురి పరీక్ష పెట్టాలి

మక్క చేను కంకి మీదికొచ్చిందంటే అడవి పందులు మందలుగా దిగుతున్నాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 11వ సెక్షన్ ప్రకారం అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తేనే వాటిని కాల్చాలి. ఆ అనుమతి కోసం తిరుగుతూనే ఉన్నాం. కానీ వచ్చే షూటర్ తుపాకీ గురి ఎలాంటిదని ఎవరూ అడగడం లేదు. మేం అడుగుతున్నాం.

ఒక్క తూటా నడిమధ్య తగిలితే నమ్మలేం, అది అదృష్టం కావచ్చు. తుపాకీని ఇసుక మూట మీద ఆనించి, కాగితం మీద ఒకే గుర్తుకు గురిపెట్టి, నిదానంగా ఐదు తూటాలు కాల్చి చూడాలి. రంధ్రాలన్నీ దగ్గరదగ్గరగా ఉండి పక్కకు పడ్డాయంటే తుపాకీ మంచిదే, సైటు సరిచేసుకుంటే చాలు. చెల్లాచెదురుగా పడితే సైటు ఎంత తిప్పినా లాభం లేదు. వదులైన స్క్రూలో, తూటాలో, కాల్చే చెయ్యో చూసుకోవాలి. తూటా రకం మారితే తగిలే చోటూ మారుతుంది. అందుకే చేలోకి తెచ్చే తూటాలతోనే పరీక్ష జరగాలి. 100 మీటర్ల దూరంలో జానెడు చెదిరే తుపాకీ 50 మీటర్లలో దాదాపు అందులో సగమే చెదురుతుంది. అలాంటి తుపాకీ ఉన్నవాడు దగ్గరికొచ్చాకే కాల్చాలి, లేదా ఇంటికి పోవాలి.

మూట మీద కుదిరిన గురి చీకట్లో, గట్టు మీద కుదరకపోవచ్చు, నిజమే. మూట మీదే కుదరనివాణ్ని పంపితే మాత్రం గాయపడ్డ పంది పొదల్లో నక్కి, తెల్లారి కలుపుకు పోయే ఆడకూలీల మీదికి వస్తుంది.

పోలీసు ఫైరింగ్ రేంజిలో ఏటా పంటకు ముందు ఈ పరీక్ష పెట్టి, ఆ కాగితాన్ని గ్రామ పంచాయతీలో అతికించాలని అటవీ శాఖను డిమాండ్ చేస్తున్నాం.