అతిథికీ ఒక ధర్మం ఉంది

అతిథిని దైవంగా భావించమని తైత్తిరీయోపనిషత్తు ఉపదేశించింది. ఆ మాటను మనమంతా విన్నాము, మన పిల్లలకూ చెబుతున్నాము. ఇంటికి వచ్చినవానికి గృహస్థు ఏమేమి చేయాలో ధర్మశాస్త్రాలు విస్తారంగా వివరించాయి. మరి అతిథిగా వెళ్లినవాడు ఎలా మెలగాలి? దైవంతో సమానమైన గౌరవం అందుకునేవాడు ఆ గౌరవానికి తగినట్లు నడుచుకోవద్దా? ఈ ప్రశ్నను మనం తరచుగా వేసుకోము. దేశాంతరాలలోని ఆలయాలకు బృందాలుగా బయలుదేరుతున్న ఈ రోజుల్లో దానిని వేసుకోక తప్పదు.

గురువారం దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా మందిరానికి వెళ్లివచ్చే భక్తులకు, కర్మన్‌ఘాట్ ధ్యానాంజనేయస్వామికి ప్రదక్షిణలు చేసేవారికి యాత్రల కరపత్రాలు కొత్త కాదు. ఎల్.బి.నగర్ చౌరస్తా చుట్టుపక్కల కాలనీలలో పదవీ విరమణ చేసిన దంపతులు ఒకప్పుడు కాశీ, గయ, రామేశ్వరాలతో తృప్తి చెందేవారు. తరువాత పశుపతినాథుని, ముక్తినాథుని దర్శనానికై నేపాల్ వెళ్లసాగారు. ఇప్పుడు కంబోడియాలోని అంగ్‌కోర్ వాట్, ఇండోనేషియాలోని బాలి ద్వీపం కూడా యాత్రాపట్టికలలో చేరాయి. ఇది సంతోషించదగిన విషయమే. మన దేవతలు సముద్రాలు దాటి ఎక్కడెక్కడ కొలువు తీరారో కళ్లారా చూడాలనుకోవడంలో తప్పేముంది?

అయితే ఈ యాత్రలన్నీ ‘ప్యాకేజీ’ యాత్రలు. టికెట్లు, బస, భోజనం, దర్శనం అన్నీ నిర్వాహకులే చూసుకుంటారు. డబ్బు చెల్లించడంతో మన పని ముగిసిందని, మంచిచెడ్డలన్నీ గైడు బాధ్యతేనని మనకు తెలియకుండానే ఒక భావం ఏర్పడుతుంది. ఇక్కడే పొరపాటు జరుగుతున్నది. సామాను మోయించుకోవచ్చు, ధర్మాన్ని మరొకరితో మోయించలేము. మహాభారతంలోని అరణ్యపర్వం తీర్థయాత్రా ఫలాన్ని వివరిస్తూ, తన చేతులను, కాళ్లను, మనస్సును అదుపులో ఉంచుకున్నవానికే ఆ ఫలం దక్కుతుందని బోధించింది. ఎంత ఖర్చు చేశావని, ఎన్ని క్షేత్రాలు చూశావని అది అడగలేదు. చేతులు ఏమి తాకాయి, కాళ్లు ఎక్కడ తొక్కాయి అన్నదే అడిగింది. నేటివారు బాధ్యతాయుత పర్యాటకమని కొత్తగా పిలుస్తున్నది ఈ పాత నియమాన్నే.

అంగ్‌కోర్ వాట్‌నే ఉదాహరణగా తీసుకోండి. 12వ శతాబ్దిలో ఖ్మేర్ చక్రవర్తి రెండవ సూర్యవర్మ శ్రీమహావిష్ణువుకు కట్టించిన మహాలయం అది. కందకంతో కలిపి 400 ఎకరాలకు పైగా విస్తరించింది. దాదాపు 50 మీటర్ల పొడవున గోడపై చెక్కిన క్షీరసాగర మథన శిల్పాన్ని చూసిన ఏ తెలుగువాని నోటనైనా ‘ఇది మనదే’ అన్న మాట అప్రయత్నంగా వస్తుంది. ఆ భావన సహజమే. కాని ఆ మాట వెంటనే అధికారంగా మారుతుంది. మనదే కాబట్టి శిల్పాన్ని చేతితో నిమరవచ్చు, మనదే కాబట్టి కర్పూరం వెలిగించవచ్చు, మనదే కాబట్టి గొంతెత్తి భజన చేయవచ్చు అనిపిస్తుంది.

నిజానికి ఆ ఆలయం కొన్ని శతాబ్దాలుగా బౌద్ధుల ఆరాధనా స్థలం. నేటికీ అక్కడ భిక్షువులు ఉన్నారు, ప్రార్థనలు జరుగుతున్నాయి. పడమటి గోపురంలో ఉన్న ఎనిమిది చేతుల విష్ణుమూర్తిని స్థానికులు ‘తా రీచ్’ అనే పేరుతో పూలు, అగరువత్తులు సమర్పించి కొలుస్తున్నారు. మన దేవుణ్ణి ఇన్ని తరాలుగా కాపాడుకుంటూ వచ్చినవారు వారు. ఆ ఇంటికి మనం యజమానులం కాము, అతిథులం. ‘మనదే’ అన్న మాటకు ఏదైనా అర్థం ఉంటే, ఇతరులకంటే మనమే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలన్నదే ఆ అర్థం.

1992లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన ఈ క్షేత్రాన్ని 2018 ఒక్క సంవత్సరంలోనే 25 లక్షలకు పైగా విదేశీయులు సందర్శించారు. ఒక్కొక్కరు ఒక్కసారి తాకినా ఆ రాయి ఏమవుతుందో ఊహించండి. అందుకే దాని సంరక్షణ చూసే అప్సర సంస్థ 2015లో సందర్శకులకు ఒక నియమావళిని ప్రకటించింది. శిల్పాలను తాకరాదు, నిండుగా దుస్తులు ధరించాలి, నిశ్శబ్దం పాటించాలి, చెత్త వేయరాదు, అనుమతి లేకుండా భిక్షువుల ఫొటోలు తీయరాదు, స్త్రీలు భిక్షువులను తాకరాదు. ఇవి మన ఆలయ మర్యాదలకు ఎంత దగ్గరగా ఉన్నాయో గమనించారా?

ఆ నియమావళిలో మనల్ని ఆలోచింపజేసేది మరొకటి ఉంది. పిల్లలకు డబ్బు, మిఠాయిలు ఇవ్వరాదని, వారివద్ద వస్తువులు కొనరాదని అది కోరుతుంది. యాత్రలో దానం చేయకపోతే పుణ్యం ఎలా వస్తుందని మీరు అడగవచ్చు. మన ప్రశ్న న్యాయమైనదే. కాని మనం ఇచ్చే డాలరు ఆ బిడ్డను బడికి దూరం చేసి, గుడి మెట్ల దగ్గరే నిలబెడుతుంది. రేపు మరొక బృందం వస్తుందన్న ఆశతో తల్లిదండ్రులు వాణ్ణి మళ్లీ అక్కడికే పంపుతారు. దేశం, కాలం, పాత్రత ఎరిగి చేసినదే సాత్త్విక దానమని భగవద్గీత బోధిస్తున్నది కదా! అంగ్‌కోర్ ప్రవేశ రుసుము 2017లో 37 డాలర్లకు పెరిగినప్పుడు, ప్రతి టికెట్టు నుండి 2 డాలర్లు కాంతా బోఫా పిల్లల ఆసుపత్రులకు కేటాయించారు. ఆదుకోవాలన్న తలంపు ఉన్నవారు అటువంటి ఆసుపత్రికో, పాఠశాలకో ఇస్తే ఆ దానం పాత్రతను చేరుతుంది.

నీటి మాట కూడా చెప్పుకోవాలి. ఆ మహాలయం ఇసుక పునాదులపై, భూగర్భజలం ఆధారంగా నిలిచి ఉంది. పక్కనే ఉన్న సియెం రీప్ పట్టణంలో హోటళ్లు పెరిగి భూమిలోని నీటిని విచ్చలవిడిగా తోడితే కట్టడాలకు ముప్పు తప్పదని నిపుణులు చాలా కాలంగా హెచ్చరిస్తున్నారు. వేసవిలో బోర్లు ఎండిపోయి ట్యాంకరు కోసం ఎదురుచూసిన మన కాలనీల గృహిణులకు ఈ సంగతి వివరించనవసరం లేదు. ఇంట్లో బిందెడు నీటిని పొదుపుగా వాడే మనం హోటలు గదిలో కుళాయి వదిలిపెట్టడం న్యాయమా?

ఇక భోజనం. తెలుగు బృందాలు వంటవారిని, సరుకులను వెంట తీసుకువెళ్లడం పరిపాటి. శాకాహార నియమం, మడి, ఆచారం ఉన్నవారికి అది అవసరమే. దానిని ఆక్షేపించడం లేదు. అయితే బియ్యం మొదలు కూరగాయల వరకు అన్నీ ఇక్కడినుండే మోసుకెళ్లి, ప్లాస్టిక్ పళ్లేలు మాత్రం అక్కడ వదిలి వస్తే, ఆ ఊరికి మన రాకవల్ల మిగిలింది చెత్త ఒక్కటే. పప్పు, ఇంగువ, పచ్చళ్లు మనవి కావచ్చు, బియ్యం, కూరలు, పండ్లు ఆ ఊరి రైతువి కావాలి. ఒక స్టీలు కంచం, ఒక గ్లాసు సంచిలో పెట్టుకుంటే బరువేమీ కాదు. 3,700 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ముక్తినాథ్‌లో 108 ధారల కింద స్నానం చేసి, ఆ కొండపైనే నీళ్ల సీసా విసిరి వచ్చేవానికి ఏ ముక్తి లభిస్తుందో ఆలోచించండి.

బాలిలో హిందువులు తమ జీవనానికి ‘త్రిహిత కరణ’మనే సూత్రాన్ని ఆధారంగా చెప్పుకుంటారు. దేవునితో, తోటి మనుషులతో, ప్రకృతితో సామరస్యమే దాని సారం. అక్కడి ఆలయాలలో అడుగుపెట్టేవారు నడుముకు వస్త్రం చుట్టుకోవాలి. 2024 ఫిబ్రవరి నుండి విదేశీ యాత్రికులు లక్షా 50 వేల రూపయ్యల రుసుము కూడా చెల్లించవలసి వచ్చింది. అక్కడి సంస్కృతిని, ప్రకృతిని కాపాడడానికే దీనిని ఉద్దేశించారు. ఇటువంటి రుసుము చెల్లించేటప్పుడు విసుక్కోకుండా, హుండీలో కానుక వేసినట్లు భావించడం మంచిది.

యాత్రికుడు ఎలా ఉండాలో తెలుగువారికి చూపిన పెద్దలు లేకపోలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణం నుండి బయలుదేరి, హైదరాబాదు మీదుగా కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగి చేరుకున్నారు. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. దర్శనాలతోనే తృప్తి పడక, దారిలో తారసపడిన ఊళ్లు, దొరికే వస్తువులు, ప్రజల ఆచారాలు అన్నీ శ్రద్ధగా తెలుసుకొని ఆయన వ్రాసిపెట్టారు. ఎదుటివారిని తెలుసుకోవాలన్న ఆ ఆసక్తే మర్యాదకు మొదటి మెట్టు. పది నిమిషాలు ఫొటోలు తీసుకొని బస్సెక్కే మనకు ఆయన యాత్ర ఒక పాఠం.

దిల్‌సుఖ్‌నగర్‌కు కూతవేటు దూరంలో, చైతన్యపురిలో మూసీ ఒడ్డున ఫణిగిరి గుట్ట ఉంది. అక్కడి కోసగుండ్ల నరసింహస్వామి ఆలయం వద్ద విష్ణుకుండినుల నాటి ప్రాకృత శాసనం ఉంది. ఆ శాసనం ఒక బౌద్ధ విహారాన్ని పేర్కొన్నది. రేపు ఏ దేశంనుండో బౌద్ధుల బృందం ఒకటి వచ్చి, ‘ఇది మాదే’ అంటూ ఆ రాతిని తడిమి, స్వామి సన్నిధిలో తమకు తోచినట్లు ప్రవర్తించి, చెత్త వదిలి వెళితే మనం సహిస్తామా? మనకు ఏది కష్టం కలిగిస్తుందో అది ఇతరులకు చేయకపోవడమే ధర్మాలన్నిటికీ మూలం.

కనుక ఈసారి యాత్రకు డబ్బు కట్టే ముందు, ఏ హోటలు, ఎన్ని దర్శనాలు అని అడగడంతోపాటు నిర్వాహకులను మరికొన్ని ప్రశ్నలు అడగండి. స్థానిక గైడునే నియమిస్తారా? ఆ ఊరి సరుకులే కొంటారా? అక్కడి నియమాలను బయలుదేరకముందే మాకు తెలుగులో చెబుతారా? చెత్తను ఏమి చేస్తారు? పదిమంది అడిగితే నిర్వాహకులే దారికి వస్తారు. అడిగేవారు లేనప్పుడు వారిని మాత్రమే నిందించి ప్రయోజనం లేదు.

తీర్థం నుండి ప్రసాదం తెచ్చుకోవడం మన ఆచారం. మనం వచ్చి వెళ్లినందుకు ఆ ఊరివారు నొచ్చుకోకుండా, మళ్లీ రమ్మని మనసారా పిలిస్తే, అదీ ప్రసాదమే. దానిని సంపాదించుకొని రండి.