గజాలు సరే, వెడల్పెంత?

ఊళ్లె అర్ధెకరం అమ్మి పట్నం అంచుకు 150 గజాల ప్లాటు కొనేటోళ్లు ముందుగాల అడిగేది గజం ధర. అండ్ల ఇల్లు ఎంత జాగల లేస్తదో అడిగేటోళ్లు తక్వ.

హైదరాబాద్‌ల, మన మున్సిపాలిటీలల్ల 2012 నాటి జీవో 168 నడుస్తది. ఇన్ని శాతం జాగల కట్టుమని అది చిన్న ఇండ్లకు చెప్పదు, చుట్టూ ఎంత ఇడ్వాలెనో చెప్తది. 150 గజాలంటే 125 చదరపు మీటర్లు. 12 మీటర్ల లోపు రోడ్డుకైతే ముందర మీటరున్నర, మిగిలిన మూడు దిక్కుల మీటరు చొప్పున సెట్‌బ్యాక్.

ఇప్పుడు లెక్క సూడుండ్రి. ప్లాటు 30×45 అడుగులైతే కింద 863 చదరపు అడుగులు కట్టుకోవచ్చు, అంటే 64 శాతం. అదే 150 గజాలు 20×67.5 అయితే 797కు పడిపోతది, 59 శాతం. వెడల్పు పదమూడున్నర అడుగులు గూడ రాదు, గోడలు అండ్లనే. గజానికి ధర మాత్రం ఇద్దరికీ ఒక్కటే. ఇరుకు ప్లాట్లకు జీవోల కొంత సడలింపు ఉన్నది గని, పొడుగు వెడల్పుకు నాలుగింతలు ఉంటెనే. మన 20 అడుగులది అండ్లకు రాదు. వచ్చినా పక్కన మీటరు ఇడ్సుడు తప్పదు.

పక్క రాష్ట్రం బెంగళూరుల 2007ల ఆమోదమైన మాస్టర్ ప్లాన్ వేరే తీరు పెట్టింది. 360 మీటర్ల లోపు ప్లాటుకు 75 శాతం కవరేజీ, అన్ని అంతస్తులు కలిపి ప్లాటుకు 1.75 రెట్లు. సెట్‌బ్యాక్‌లు గూడ ఉన్నయ్. మన దగ్గర ఆ అంతస్తుల లెక్కను 2006ల జీవో 86తోనే ఎత్తేసిన్రు. పెద్ద జాగ, పెద్ద రోడ్డు ఉన్నోడు ఆకాశం దాక లేపుతడు. చిన్నోడు అర మీటరు కాడ దొరుకుతడు.

సెట్‌బ్యాక్ వద్దంటలేను. గాలి, ఎలుతురు, ఇంకుడు గుంత, ఫైరింజన్ అన్నిటికీ జాగ కావాలె. ప్లాటు వెడల్పును బట్టి గూడ పట్టిక రాయుమంటున్న. 20 అడుగుల ప్లాట్లు కోసి అమ్మేటోనికి ఈ సంగతి ముందే ఎర్కే.

టీజీ బీపాస్‌ల 600 గజాల దాక మనమే డిక్లరేషన్ ఇచ్చి అనుమతి తీసుకుంటం. తప్పితే నోటీసు లేకుండ కూలగొట్టే అధికారం ఆ చట్టంలనే ఉన్నది. అడ్వాన్స్ ఇచ్చే ముందర టేపు పట్టి, వెడల్పుల ఆరున్నర అడుగులు తీసేసి సూడుండ్రి.