కందుల ధరకు ఒక పద్దు పుస్తకం

తాండూరు మార్కెట్ యార్డులో ఇవాళ కందులు క్వింటాలు ఎంత పలికాయి? తెలియకపోతే ఫోను తీసి చూడండి. కేంద్ర ప్రభుత్వపు అగ్‌మార్క్‌నెట్ వెబ్‌సైటులో దేశంలోని వ్యవసాయ మార్కెట్ల ధరలు పెడతారు. ఎంత సరుకు వచ్చింది, తక్కువ ధర ఎంత, ఎక్కువ ధర ఎంత, ఎక్కువ సరుకు ఏ ధరకు పోయింది అని వరుసగా గళ్ళలో ఉంటాయి. బాగుంది. మరి సంక్రాంతి ముందు వారంలో ధర ఎటు నడిచింది? పెరుగుతూ వచ్చిందా, తగ్గుతూ వచ్చిందా? ఇంట్లో కందుల సంచులు పేర్చుకొని, ఇప్పుడే అమ్మాలా, ఇంకో పదిరోజులు ఆగాలా అని ఆలోచించే రైతుకు కావలసింది ఇదే. ఒక్క రోజు ధర ఒక చుక్క మాత్రమే. గీత గీయాలంటే చాలా చుక్కలు కావాలి.

తాండూరు కంది సామాన్యమైన పంట కాదు. దానికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్రభుత్వం కందులకు ప్రకటించిన కనీస మద్దతు ధర 2024-25కు క్వింటాలుకు 7,550 రూపాయలు, 2025-26కు 8,000 రూపాయలు. యార్డులో ధర దీనికి పైన ఉందా, కింద ఉందా అన్నది ఒక కుటుంబానికి ఏడాది బడ్జెటు.

రోజూ ఒకే వేళకు ఆ పేజీ తెరిచి, తాండూరు, వికారాబాదు వరుసలు వెతికి, నోటుపుస్తకంలో రాసుకోవచ్చు. ఈ పనిని యంత్రానికి అప్పగించే ఉపాయాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. ప్రోగ్రాము రాయడం రాకపోయినా ఫరవాలేదు. ఉదాహరణకు ఎన్‌ఎయిట్‌ఎన్ అనే సాధనం ఉంది. 2019లో బెర్లిన్ నగరంలో పుట్టింది. అందులో పనులన్నీ తెరమీద పెట్టెలుగా కనిపిస్తాయి. ఒక పెట్టె గడియారం: రోజూ సాయంత్రం 7 గంటలకు మోగుతుంది. రెండో పెట్టె వెబ్‌సైటుకు వెళ్ళి పేజీ తెస్తుంది. మూడోది అందులోంచి మనకు కావలసిన వరుస ఏరుతుంది. నాలుగోది దాన్ని ఒకచోట దాస్తుంది. పెట్టెకూ పెట్టెకూ మధ్య మీరు గీత లాగితే చాలు, రైలు డబ్బాలకు కొక్కెం తగిలించినట్టు అవి కలిసిపోతాయి.

వికారాబాదు జంక్షను చూశారు గదా! సికింద్రాబాదు నుంచి వచ్చిన లైను అక్కడ చీలుతుంది. ఒకటి తాండూరు మీదుగా వాడికి, ఇంకొకటి జహీరాబాదు, బీదరు మీదుగా పర్లికి. ఈ పెట్టెల వరుసలోనూ అలాంటి జంక్షను పెట్టె ఒకటి ఉంటుంది. ‘అంకె సరిగా ఉంటే ఈ దారి, అనుమానంగా ఉంటే ఆ దారి’ అని దానికి చెప్పాలి. చాలామంది ఈ పెట్టెను పెట్టరు. అది ఎందుకు కావాలో ముందు ముందు చూద్దాం.

పేజీలోంచి సమాచారం ఏరడాన్ని వెబ్ స్క్రాపింగ్ అంటారు. కొబ్బరికోరుతో చిప్పలోని కొబ్బరిని కోరి, చిప్ప పారేసినట్టన్నమాట. మనకు రంగుల పేజీగా కనిపించేది లోపల గుర్తుల వరుస. ఇక్కడ గడి మొదలు, ఇక్కడ గడి ముగింపు అని ఆ గుర్తులు చెబుతాయి. యంత్రం గుర్తులు లెక్కపెట్టి ‘ఐదో గడిలోది తీసుకో’ అంటే తీసుకుంటుంది. ఐదో గడిలో ధర ఉందా, తేదీ ఉందా అన్న విచారం దానికి లేదు. వెబ్‌సైటువారు రేపు పేజీని కొత్తగా తీర్చిదిద్దితే మన కోరు చిప్పనే కోరుతుంది.

ఇక్కడ ఒక మర్యాద ఉంది. తలుపు తెరిచి ఉండగా కిటికీలోంచి దూరడం ఎందుకు? మార్కెట్ ధరల జాబితాను యంత్రాలు నేరుగా చదువుకొనేట్టు భారత ప్రభుత్వపు బహిరంగ సమాచార వెబ్‌సైటులో, అంటే డేటా.గవ్.ఇన్ లో, విడిగా ఇస్తున్నారు. ఉన్నచోట దాన్నే వాడాలి. తలుపు లేనిచోట, యంత్రాలు ఎంతవరకు రావచ్చో చెప్పే రోబోట్స్ అనే చిన్న కాగితం ఆ వెబ్‌సైటులో ఉందేమో ముందు చదవాలి. 1994లో మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించిన ఆచారమిది. రోజుకు ఒక్కసారి మారే ధర కోసం నిమిషానికోసారి తలుపు తట్టడం అల్లరి పని.

ఇంతవరకు అందరూ సంబరంగా చెబుతారు. నా అభిప్రాయంలో అసలు విలువైనది తెచ్చే పెట్టె కాదు, దాచే పెట్టె. దాన్ని మాత్రం చివర్లో ఏదో ఒకటి తగిలిస్తారు.

దాచడానికి గిట్‌హబ్ ను వాడమంటాను. ఇది ప్రోగ్రాములు రాసేవారు తమ రాతలను ఉంచుకొనే చోటు, 2008లో మొదలైంది. దీని అడుగున పనిచేసే గిట్ ను లినస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేశాడు. దుకాణంలో పద్దు పుస్తకం రాసే గుమాస్తాను చూడండి. తప్పు పడితే చెరపడు. కొట్టివేసి పక్కన సరైన అంకె వేస్తాడు. తరువాత చూసేవారికి రెండూ కనిపించాలి. గిట్ పద్ధతి ఇదే. మీరు దాచిన ప్రతిసారీ ఏమి మారింది, ఎప్పుడు మారింది అని ఒక పద్దు పడుతుంది. ఆ పద్దుకు 40 అక్షరాల వేలిముద్ర లాంటిది వేస్తుంది. తరువాతి పద్దులో ముందుదాని వేలిముద్ర కూడా చేరుతుంది. కనుక నడుమ ఒక అంకెను గుట్టుగా మారిస్తే అక్కడినుంచి ముద్రలన్నీ మారిపోయి గుట్టు బయటపడుతుంది. వెబ్ పేజీకి ఈ జ్ఞాపకం లేదు. నిన్న పెట్టిన ధరను ఇవాళ ఎవరైనా దిద్దితే, దిద్దిన అంకె ఒక్కటే కనిపిస్తుంది. ఆనాడు రైతు ఏ అంకె చూసి బండి కట్టాడో పేజీ చెప్పదు, మీ పద్దు పుస్తకం చెబుతుంది. మారిపోయే పేజీలను ఇలా గిట్ లో పద్దు వేసి ఉంచడానికి సైమన్ విలిసన్ అనే ప్రోగ్రామరు 2020లో గిట్ స్క్రాపింగ్ అని పేరు పెట్టాడు. కాలిఫోర్నియా కార్చిచ్చుల వివరాలను ఆయన అలాగే పోగుచేశాడు.

ఇప్పుడు జంక్షను పెట్టె సంగతి. ధరలను సాధారణంగా కామాలతో గళ్ళు విడదీసే పట్టికలో దాస్తారు. పేజీలో 7,550 అని ఉందనుకోండి. జాగ్రత్తపడని యంత్రం ఆ కామాను గడి గీత అనుకొని ఒక గడిలో 7, పక్క గడిలో 550 వేస్తుంది. కందులు క్వింటాలు 7 రూపాయలు! అలాగే జాబితాలో కందులు ఒక పేరుతో, కందిపప్పు ఇంకో పేరుతో ఉంటాయి. పప్పు ధరను గింజ ధరగా పట్టుకొస్తే ఊరంతా ఆశపడి సంచులు దించకుండా కూర్చుంటుంది. 7 రూపాయలైతే మనం నవ్వి దిద్దుకుంటాం. ఈ రెండోది నమ్మేటట్టు ఉంటుంది, అందుకే ప్రమాదం.

యార్డుకు సెలవైన రోజు ఏమి రాయాలి? సున్నా రాస్తే, 5 రోజులు 7,000 ఉన్న వారానికి ఆరో రోజు కలిసి సగటు 5,833 అవుతుంది. నిన్నటి ధరే మళ్ళీ రాస్తే జరగని అమ్మకం జరిగినట్టు అవుతుంది. గడి ఖాళీగా ఉండాలి. ఇది యంత్రానికి తోచదు, మీరే చెప్పాలి.

పెట్టెలు అతికించడం కూడా సైన్సేనా అని కొందరు పెద్దలు విసుక్కుంటారు. థర్మామీటరును మనం తయారుచేయలేదు గదా, అయినా దాంతో ప్రయోగం చేస్తున్నాం. సాధనం తయారుగా దొరకడం తప్పు కాదు. అది ఎక్కడ తప్పు చూపుతుందో తెలియకుండా వాడడమే తప్పు. కనుక ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఈ పని చేయించాలనే నేనంటాను, ఒక షరతు మీద: మొదటి పదిహేను రోజులు చేత్తో రాయాలి. తరువాతి పదిహేను రోజులు యంత్రమూ రాయాలి, మీరూ రాయాలి. రెండూ తేడా పడిన చోట ఎందుకు పడిందో పద్దులోనే ఒక వాక్యం రాయాలి.

గిట్‌హబ్ లో ఖాతాకు 13 ఏళ్ళు నిండి ఉండాలి. నిండనివారు బడిలో టీచరు ఖాతాతో చేయండి. రెండు సాధనాలను కలిపేటప్పుడు రహస్య సంకేతం ఒకటి ఇస్తారు, అది తాళంచెవి. అందరూ చదివే పద్దులో దాన్ని పొరపాటున కూడా రాయకండి. రాసి తరువాత చెరిపినా లాభం లేదు, పాత పద్దులో అది అలాగే ఉంటుంది. వెంటనే తాళం మార్చాలి.

కొత్త కంది యార్డుకు రావడం డిసెంబరులో మొదలవుతుంది. నోటుపుస్తకంలో గళ్ళు గీసి చేత్తో రాయడం నవంబరులోనే మొదలుపెట్టండి.