ముందు మీ కరపత్రంలో సీమ పేరు రాయండి, తర్వాత ఓటడగండి

పాణ్యం నియోజకవర్గం ఓటరు జాతకం చెప్పడానికి పంచాంగం అక్కర్లేదు. 2009లో కాంగ్రెస్ గుర్తు మీద కాటసాని రాంభూపాల్ రెడ్డి గెలిచారు. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ గుర్తు మీద గౌరు చరితారెడ్డి గెలిచారు. 2019లో అదే వైఎస్సార్ కాంగ్రెస్ గుర్తు మీద మళ్లీ కాటసాని. 2024లో తెలుగుదేశం గుర్తు మీద మళ్లీ గౌరు. పదిహేనేళ్లు, మూడు జెండాలు, రెండే ఇళ్లు. వాళ్లు కండువా మార్చుకున్నప్పుడల్లా ఓర్వకల్లు, కల్లూరు, గడివేముల, పాణ్యం మండలాల జనం వేలు చాపి సిరా పూయించుకున్నారు. ఈ నాలుగు గెలుపుల్లో ఒక్కటైనా ‘ప్రత్యేక రాయలసీమ’ అన్న మాట మీద వచ్చిందా?

సీమ ఉద్యమంలో తిరిగే నలుగురం కలిసిన చోటల్లా ఇప్పుడు ఒకటే వాదులాట. మన జెండా పట్టుకుని నిలబడే గట్టి అభ్యర్థి లేనప్పుడు ఓటు ఎవరికెయ్యాలి? ఉన్నవాళ్లలో తక్కువ చెడ్డోడికి వేద్దామని ఉద్యోగ మిత్రులు అంటున్నారు. అందరి మొహానా నోటా కొడదామని విద్యార్థులు అంటున్నారు. మరికొందరు గొంతు తగ్గించి ఇంకో మాట అంటున్నారు: “డిపాజిట్ రాకపోయినా సరే, ఆ చిన్న ఎర్రజెండా పార్టీ వాడికి వేస్తే ఏం పోతుంది?” ఈ మూడో మాట గొంతు తగ్గించి చెప్పాల్సింది కాదని మా అభిప్రాయం. అయితే షరతు లేకుండా చెప్పాల్సిందీ కాదు.

అమెరికాలో అయితే ఈ బాధ కొంత తక్కువ. బ్యాలెట్ మీద నచ్చినవాడి పేరు లేకపోతే ఖాళీ గీత మీద ఓటరే రాసుకోవచ్చు. 1954లో సౌత్ కరోలినాలో, 2010లో అలాస్కాలో అట్లా చేతిరాత ఓట్లతోనే సెనేటర్లు గెలిచారు. అక్కడి సోషలిస్టు యూజీన్ డెబ్స్ 1920లో అట్లాంటా జైల్లో ఖైదీగా ఉండి అధ్యక్ష పదవికి పోటీ చేస్తే 9 లక్షల పైచిలుకు ఓట్లు పడ్డాయి. గెలవడని వేసినవాళ్లందరికీ తెలుసు. తెలిసే వేశారు.

మనకా గీత లేదు. కాగితం బ్యాలెట్ రోజుల్లో పేరు రాస్తే ఓటు చెల్లేది కాదు. ఇప్పుడు మిషన్, రాయడానికి చోటే లేదు. దాని బదులు సుప్రీంకోర్టు 2013 సెప్టెంబరు 27 తీర్పుతో ‘నోటా’ మీట ఇచ్చారు. కోపం తీర్చుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ నోటాకు ఎన్ని ఓట్లు పడినా, మిగిలినవాళ్లలో ఎక్కువ వచ్చినవాడే గెలిచినట్టు. 2024లో మధ్యప్రదేశ్‌లోని ఇండోర్ చూడండి. కాంగ్రెస్ అభ్యర్థి చివరి నిమిషంలో తప్పుకున్నాడు. నోటాకు 2,18,674 ఓట్లు పడ్డాయి. అయినా బీజేపీ అభ్యర్థి దర్జాగా పార్లమెంటుకు పోయాడు. రెండు లక్షల మంది కోపం అది, ఏ కోపమో ఎవరికీ అర్థం కాలేదు. నోటా నొక్కినవాడు సీమ రాష్ట్రం కోసం నొక్కాడో, రోడ్డు వెయ్యలేదని నొక్కాడో, అభ్యర్థి కులం నచ్చక నొక్కాడో మిషన్ చెప్పదు. తమ్ముళ్లారా, మన కోపానికి పేరుంది. దాన్ని పేరులేని మీటకు అప్పగించొద్దు.

ఇక ‘తక్కువ చెడ్డోడు’. ఉద్యోగ మిత్రులను అడుగుతున్నాం, ఆ లెక్క ఏ తక్కెడలో తూస్తున్నారు? అధికారంలోకి వచ్చిన వారంలో సీపీఎస్ రద్దు అని 2019కి ముందు ఊరూరా చెప్పినవాళ్లు, 2023లో జీపీఎస్ అని ఇంకో కాగితం చేతిలో పెట్టారు. ఆ సీపీఎస్‌ను 2004లో తెచ్చింది ఇంకో పార్టీ ప్రభుత్వం. పింఛను సంగతే ఇట్లా ఉంటే సీమ సంగతి చెప్పేదేముంది? 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో శ్రీబాగ్ ఒప్పందం రాసుకున్నారు. రాజధానో హైకోర్టో సీమ కోరుకున్నది సీమకు, పదేళ్లపాటు కృష్ణా నీళ్లలో సీమకు ముందు వాటా. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది, 1956 నవంబరు 1న హైదరాబాద్‌కు పోయింది. మూడేళ్ల ముచ్చట. 2014 తర్వాత రాజధాని, హైకోర్టు రెండూ కృష్ణ ఒడ్డుకే. 2020లో ‘న్యాయ రాజధాని’ అని చట్టం చేశారు, 2021లో వాళ్లే వెనక్కి తీసుకున్నారు. 2024 నవంబరులో కర్నూలుకు హైకోర్టు బెంచి కోరుతూ అసెంబ్లీ తీర్మానం చేసింది. ఒప్పందంలో ఉన్నది హైకోర్టు, మిగిలింది బెంచి, అదీ తీర్మానంలో! నీళ్ల కథ ఇంకా ఘోరం. శ్రీశైలం కనీస మట్టం 854 అడుగులు ఉంటేనే పోతిరెడ్డిపాడుకు సరిగా నీళ్లు అందేది. 1996 జూన్‌లో 69వ నంబరు జీవోతో దాన్ని 834కు దించారు. పోతిరెడ్డిపాడు తూముల అడుగు మట్టమే 841. అంటే తూము కిందికి నీళ్లు దించి, తూము తెరుచుకోండి అన్నట్టు. ఆ జీవో తెలుగుదేశానిది. దాన్ని ఎన్నికల్లో వాడుకుని తర్వాత మరచింది తక్కినవాళ్లు. 2016 మే 31న సిద్ధేశ్వరం దగ్గర అలుగు కావాలని వేలమంది రైతులు కదిలితే ప్రభుత్వం పంపింది ఇంజనీర్లను కాదు, పోలీసులను.

2019లో సీమలోని 52 సీట్లలో 49 ఒక పార్టీకి ఇచ్చాం. 2024లో 45 సీట్లు ఇంకో కూటమికి ఇచ్చాం. ఇంతకన్నా ఏమిస్తారు ఓటర్లు? అటు ఇచ్చాం, ఇటు ఇచ్చాం, సీమ అన్న మాట మాత్రం ఏ గెలుపులోనూ లేదు.

ఓర్వకల్లులో అభివృద్ధి వచ్చింది కదా అంటారు. వచ్చింది, కాదనం. 2021 మార్చిలో విమానాశ్రయం తెరిచారు, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. శకునాల, గని నేలల మీద వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు అద్దాలు పరిచారు. 2024 ఆగస్టులో కేంద్రం ఇక్కడి పారిశ్రామిక వాడకు 2,786 కోట్లు అన్నది. 2025 అక్టోబరు 16న ప్రధాని మన మండలంలోని నన్నూరుకే వచ్చి శంకుస్థాపన చేశారు. తెల్లరాళ్లు, ఎర్రనేల తప్ప ఏమీ లేదన్న ఊరికి ఇంత రావడం మంచిదే. మా ప్రశ్న ఒకటే. భూమి మనది, ఎండ మనది. ఆ భూమి పోయినవాడి కొడుక్కి గేటు దగ్గర లాఠీ ఉద్యోగం కాకుండా లోపల ఉద్యోగం ఇవ్వాలని నిర్ణయించే కుర్చీ ఎక్కడుంది? ఆ కుర్చీ సీమలో లేనంతకాలం ఇక్కడ విమానం దిగినా మనం కింద నిలబడి చూసేవాళ్లమే.

ఇప్పుడు ఎర్రజెండా సంగతికి వస్తాం. దాచుకోకుండా మాట్లాడుకుందాం.

సీమకు ఎర్రజెండా కొత్త కాదు. 1952లో తరిమెల నాగిరెడ్డి అనంతపురంలో తన బావ నీలం సంజీవరెడ్డినే ఓడించాడు. కడప నుంచి కమ్యూనిస్టు ఈశ్వరరెడ్డి ఒకటికి నాలుగుసార్లు పార్లమెంటుకు వెళ్లారు. సీమ అంటే ముఠాలు, బాంబులు అని సినిమాలు తీసేవాళ్లకు ఈ చరిత్ర తెలియదు, మన పిల్లలకూ ఎవరూ చెప్పరు. ఇప్పటి సంగతే చూసినా, 2023 డిసెంబరులో అంగన్‌వాడీ అక్కలు సమ్మెకు దిగి 42 రోజులు రోడ్డు మీద కూర్చుంటే, ఎస్మా పెట్టి బెదిరిస్తే, పక్కన నిలబడ్డది ఎర్రజెండా సంఘాలే. కలెక్టరాఫీసు ముందు టెంటు వేసేది వాళ్లు. అర్జీ రాసిపెట్టేది వాళ్లు. ఎన్నికలు అయిపోయిన మర్నాడు కూడా ఊళ్లో కనిపించేది వాళ్లే. ఓడిపోయి కనిపిస్తారు, అది వేరే సంగతి. 2014, 2019, 2024 మూడు ఎన్నికల్లోనూ ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో ఉభయ కమ్యూనిస్టులకు ఒక్క సీటూ రాలేదు.

ఎందుకు రాలేదో కామ్రేడ్లు ఎప్పుడైనా తమను తాము అడిగారా? మేం చెబుతాం వినండి. 1953లో రాజధాని మాట వచ్చినప్పుడు కర్నూలు వద్దు, బెజవాడ కావాలన్నది ఎవరు? కమ్యూనిస్టులే. శ్రీబాగ్ మీద సంతకాల తడి ఆరలేదని కాంగ్రెస్ వాళ్లు వాదిస్తే, లెక్కలు చూపించి కోస్తా వైపు లాగింది మీరే. విశాలాంధ్ర నినాదం మీది. వియత్నాం పేరు చెబితే పిడికిలెత్తే కామ్రేడు, పాలస్తీనా అంటే ఊరేగింపు తీసే కామ్రేడు, పక్కనున్న సీమ పేరు చెప్పగానే “అది ప్రాంతీయవాదం” అని పెదవి విరుస్తాడు. పేదవాడికి కూలి కావాలంటే వర్గపోరాటం, అదే పేదవాడి చేనుకు నీళ్లు కావాలంటే ప్రాంతీయవాదమా? మార్క్స్‌ను మీకన్నా తక్కువ చదవని ప్రొద్దుటూరు ఎం.వి.రమణారెడ్డి ‘రాయలసీమ కన్నీటి గాథ’ రాశారు. ఆయనకు అడ్డం రాని సిద్ధాంతం మీకెందుకు అడ్డం వస్తోంది? తెలంగాణ విషయంలో సీపీఐ చివరికి జై కొట్టింది. సీపీఎం కొట్టలేదు. ఇల్లెందు నుంచి అయిదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య పార్టీ చిన్నదే, కానీ తెలంగాణ కావాలన్నది. చిన్న ఎర్రపార్టీ ప్రాంతం గొంతు కాలేదనే మాట నిజం కాదని దీంతో తేలిపోయింది. కావాలంటే అవుతుంది.

“అయినా గెలవనివాడికి వేస్తే ఓటు వృథా కదా అన్నా?” ఈ మాట అనేవాళ్లకు రెండు సంగతులు గుర్తుచేస్తాం. 1996లో నల్లగొండ పార్లమెంటు సీటుకు ఫ్లోరైడు నీళ్ల గోడు చెప్పుకోవడానికి జలసాధన సమితి వందల నామినేషన్లు వేయించింది. బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకం అయింది. వాళ్లు గెలవలేదు. దేశమంతా నల్లగొండ వైపు తిరిగి చూసింది. ఢిల్లీ ఎంత ఉలిక్కిపడిందంటే, అదే ఏడాది పార్లమెంటు డిపాజిట్‌ను 500 నుంచి 10 వేలకు పెంచారు. రెండోది 2019 నిజామాబాద్. పసుపు బోర్డు కోసం 178 మంది రైతులు నిలబడ్డారు. ఒక్కరూ గెలవలేదు. సిట్టింగ్ ఎంపీ, ముఖ్యమంత్రి కూతురు ఓడిపోయింది. 2025 జనవరిలో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు తెరుచుకుంది. ఏ ఓటు వృథా అయింది చెప్పండి? ఓర్వకల్లు మండలం పొదుపు సంఘాలకు పేరు మోసింది. రోజుకు రూపాయి దాచిన ఆడవాళ్లతో మొదట్లో “రూపాయితో ఏమొస్తుందమ్మా” అన్న మగవాళ్లే తర్వాత ఆ సంఘం అప్పు కోసం గుమ్మం ముందు నిలబడ్డారు. ఓటు కూడా అట్లాంటి రూపాయే. ఎవరి పుస్తకంలో జమ అవుతుందో చూసుకుని వెయ్యాలి.

అందుకే షరతు. బ్యాలెట్ మీద పేరు రాసే హక్కు మనకు లేదు సరే, మన ఓటడిగేవాడి కరపత్రం మీద సీమ పేరు రాయించే శక్తి మనకుంది. మా ఓటు కావాలంటే ఆ చిన్న పార్టీ అభ్యర్థి తన కరపత్రంలో సీమ ప్రజలకు ప్రత్యేక రాష్ట్రం కోరే హక్కు ఉందని, ఆ కోరికను తన పార్టీ బలపరుస్తుందని స్పష్టంగా అచ్చు వేయించాలి. ‘వెనుకబడిన ప్రాంతాల సమగ్రాభివృద్ధి’ లాంటి నీళ్ల మజ్జిగ మాటలు మాకొద్దు. సిద్ధేశ్వరం అలుగు, 854 అడుగుల మట్టం కూడా రాయాలి. ఇంకొకటి, నామినేషన్ ఉపసంహరణ గడువు రోజు సాయంత్రం ఏదో పెద్ద పార్టీతో ‘సర్దుబాటు’ అని తప్పుకోకూడదు. ఎర్రజెండాకు ఈ అలవాటు ఉంది, అందుకే ముందే చెబుతున్నాం.

మన వాళ్లలో కొందరికి ఇంకో అనుమానం. రేపు గెలిచాక వాళ్లూ అమ్ముడుపోతే? అమ్ముడుపోవడానికి ఎర్రజెండాయే కానక్కర్లేదు. 1971లో తెలంగాణ ప్రజాసమితి 14 పార్లమెంటు సీట్లలో 10 గెలిచి, అదే ఏడాది కాంగ్రెస్‌లో కలిసిపోయింది. మన సీమలోనూ రాయలసీమ పరిరక్షణ సమితి 2014లో బరిలోకి దిగి ఒక్క సీటూ తెచ్చుకోలేదు. పెట్టిన బైరెడ్డి రాజశేఖరరెడ్డి ఆ తర్వాత జాతీయ పార్టీల గడప తొక్కారు. 2024లో ఆయన కూతురు శబరి తెలుగుదేశం టికెట్ మీద నంద్యాల ఎంపీ అయ్యారు. ఉద్యమం పేరు పెట్టుకున్నంత మాత్రాన ఉద్యమం కాదు. అచ్చులో మాట ఉంటే, తప్పినరోజు ఆ కాగితం పట్టుకుని అడగడానికైనా వీలుంటుంది.

ఒకవేళ కామ్రేడ్లు రాయం అంటే? అప్పుడు దారి ఇంకొకటుంది. స్వతంత్ర అభ్యర్థికి అసెంబ్లీ డిపాజిట్ 10 వేలు, ఎస్సీ ఎస్టీలకు 5 వేలు. బలపరిచే సంతకాలు పది. ఉద్యోగులు పోటీ చేయలేరు, కానీ వాళ్ల ఇళ్లలో పోటీ చేయగల వయసున్న పిల్లలు ఉన్నారు. రాయలసీమ యూనివర్సిటీలో, ఉర్దూ యూనివర్సిటీలో చదివి ఖాళీగా తిరుగుతున్న పట్టభద్రులు ఉన్నారు. పదిమంది సంతకాలు ఓర్వకల్లులో ఒక పూటలో పని.

కానీ ముందు అడగడం ధర్మం. చిన్న పార్టీ పెద్దలారా, కరపత్రం ముసాయిదా తీసుకుని ఓర్వకల్లు రండి. బస్టాండు దగ్గర టీ బంకు ముందు గట్టిగా చదివి వినిపిస్తాం. ‘ప్రత్యేక రాయలసీమ’ అన్న రెండు మాటలు అందులో ఉంటే నన్నూరు నుంచి శకునాల దాకా ఇంటింటికీ పంచేది మేమే. లేకుంటే టీ తాగి వెళ్లండి, డబ్బులు మేమే ఇస్తాం.